గీజరు ఎలిమెంటు మళ్లీ కాలిపోయింది: బోరు నీళ్లకు విరుగుడు ఏమిటి?

మియాపూర్_ఐదో_అంతస్తు
పదిహేను లీటర్ల గీజరు. కొని మూడేళ్లు నిండలేదు, ఎలిమెంటు మళ్లీ కాలిపోయింది. మెకానిక్ విప్పి చూపించాడు. రాడ్డు మీద వేలు మందాన తెల్లటి గార, ట్యాంకు అడుగున చేటెడు పెచ్చులు. వాషింగ్ మెషీనులోకి నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి, నిండడానికే అరగంట పడుతోంది. షవరులో సగం రంధ్రాలు పూడిపోయాయి. కుళాయిల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మాది హైదరాబాదు మియాపూర్‌లో నలభై ఇళ్ల అపార్టుమెంటు. రెండు బోర్లున్నాయి, పై ట్యాంకుకు ఎక్కేవి వాటి నీళ్లే. మంజీరా నది నుంచి సరఫరా అయ్యే నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి వేరే సంపులో పడి వంటింట్లో ఒక్క కుళాయికి మాత్రమే అందుతాయి. ఇప్పుడు అసోసియేషన్ వాళ్లు మొత్తం భవనానికి సాఫ్ట్‌నర్ (నీళ్లలోని సున్నం తీసే యంత్రం) పెట్టిద్దామంటూ ఇంటికి పన్నెండు వేలు అడుగుతున్నారు. సగం మంది సరే అంటున్నారు, సగం మంది ససేమిరా అంటున్నారు. మధ్యలో ఒకాయన వచ్చి పైపుకు అయస్కాంతం బిగిస్తే చాలు, ఉప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు అని కాగితాలు పంచి వెళ్లాడు. ఆదివారం మీటింగు. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పన్నెండు వేలు పెట్టవచ్చా?

గోదారి_గట్టు
పెట్టె సర్దుకుని రాజమండ్రి వచ్చేయండి. ఇక్కడ సబ్బు రుద్దితే నురగ పోగొట్టుకోవడమే కష్టం.

మియాపూర్_ఐదో_అంతస్తు
@గోదారి_గట్టు ఉద్యోగం కూడా మీరే ఇప్పిస్తే రేపే బయలుదేరతాను.

అద్దె_ఇంటి_రాణి
నాదీ ఇదే బాధ, కాకపోతే అద్దె ఇల్లు. గీజరు ఇంటివాళ్లది, ఎలిమెంటు మార్పించింది నేను. సాఫ్ట్‌నర్ డబ్బు ఎవరు ఇవ్వాలి, ఓనరా, అద్దెకున్నవాళ్లా? ఇది కూడా ఎవరైనా తేల్చండి.

మెకానిక్_బాబ్జీ
నేను కూకట్‌పల్లి, ప్రగతినగర్ వైపు గీజర్లు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాను. సాఫ్ట్‌నర్ సంగతి తర్వాత, ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పండి. గీజరు థర్మోస్టాట్ ఎంత మీద ఉంది? మీ ఇంట్లో గీజరు రోజంతా ఆన్‌లో ఉంటుందా, స్నానానికి ముందు వేస్తారా? లోపల ఉండే మెగ్నీషియం కడ్డీని ఎప్పుడైనా మార్పించారా?

మియాపూర్_ఐదో_అంతస్తు
థర్మోస్టాట్ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ముల్లు చివరిదాకా తిప్పి ఉంది. పొద్దున ఐదింటికి వేస్తే తొమ్మిది దాకా నడుస్తుంది. మెగ్నీషియం కడ్డీ అనేది ఒకటి ఉంటుందని ఇప్పుడే వింటున్నాను.

మెకానిక్_బాబ్జీ
అనుకున్నాను. వివరంగా చెబుతాను, చాలామందికి పనికొస్తుంది.

బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం చల్లటి నీళ్లలో కనపడదు. వేడి తగిలితే రాయిగా మారి, ఎక్కువ వేడి ఉన్న చోటే అతుక్కుంటుంది. అంటే ఎలిమెంటు మీదే. పొర మందమయ్యేకొద్దీ లోపలి వేడి నీళ్లలోకి పోదు, రాడ్డు తనలో తానే మాడి ఏదో ఒక రోజు పగులుతుంది. నీళ్లు కాగేటప్పుడు టపటపమని చప్పుడు వస్తోందంటే గార బాగా పట్టిందని అర్థం. ఆ చప్పుడు మొదలైనప్పుడే పిలిస్తే శుభ్రం చేసి వెళతాం. మీరు పిలిచేది ఎలిమెంటు కాలాక.

అరవై డిగ్రీలు దాటాక ఈ పేరుకోవడం చాలా వేగంగా జరుగుతుంది. ఎక్కువ గీజర్లను 75 దాకా పెట్టుకునే వీలుంటుంది. అంత వేడి చేసి, మళ్లీ అందులో చన్నీళ్లు కలుపుకునే పోసుకుంటారు. 55, 60 మధ్య పెట్టి, స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపేస్తే గార బాగా తగ్గుతుంది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక కడ్డీ. గ్లాస్ లైనింగ్ ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తుప్పు ట్యాంకును తినకుండా తనను తిననిస్తుంది. లవణాలు ఎక్కువ ఉన్న నీళ్లలో అది తొందరగా అరిగిపోతుంది. అయిపోయిన సంగతి ఎవరికీ తెలియదు, ట్యాంకు చిల్లు పడ్డాక తెలుస్తుంది. ఎలిమెంటు విప్పిన ప్రతిసారీ కడ్డీ కూడా చూపించమని అడగండి. చూపించకుండా బిగించేసి వెళ్లేవాళ్లు మా వాళ్లలోనే చాలామంది ఉన్నారు, దాచడానికేమీ లేదు.

పప్పుచారు_పార్వతి
గీజర్లూ మెషీన్లూ మీరు చూసుకోండి. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకని సంగతి ఎవరూ చెప్పరేమిటి? కుక్కరులో ఎన్ని కూతలు పెట్టినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. మా అత్తగారు చిటికెడు వంట సోడా వేసేవారు.

రసాయనం_మాష్టారు
@పప్పుచారు_పార్వతి మీ అత్తగారి సోడా పనిచేస్తుంది, దానికి కారణం ఉంది. నీళ్లలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. సోడా ఆ పట్టు సడలిస్తుంది. కాని సోడా వేస్తే పప్పులోని బి1 విటమిన్ కొంత పోతుంది. మీకు మంజీరా కుళాయి ఉంటే ఆ నీళ్లతో నానబెట్టి, ఆ నీళ్లతోనే ఉడికించండి, సోడా అక్కర్లేదు.

పప్పుచారు_పార్వతి
మంజీరా కుళాయి ఉంటే ఇక్కడికెందుకు వస్తానండీ. మాకున్నది ట్యాంకరు, అది కూడా ఎక్కడిదో బోరు నీళ్లే.

సనత్‌నగర్_శర్మ
అయస్కాంతం గురించి అందరూ వెక్కిరిస్తారు కాని మా ఇంట్లో పెట్టించాం. ఏడాది దాటింది. కుళాయిల మీద మరకలు తగ్గాయి, బకెట్లు తేలిగ్గా కడిగితే పోతున్నాయి. మాకు తృప్తిగానే ఉంది.

రసాయనం_మాష్టారు
@సనత్‌నగర్_శర్మ వెక్కిరించను. ఒక్క పరీక్ష చేసి చూడండి. అయస్కాంతానికి ముందు నీళ్లు ఒక సీసాలో, తర్వాత నీళ్లు ఇంకో సీసాలో పట్టి రెండింటి కాఠిన్యం కొలవండి. సంఖ్య మారదు. మారుతుందని అమ్మేవాళ్లు కూడా అనరు, సున్నం ‘అతుక్కోకుండా’ పోతుందంటారు. అది నిజమని నమ్మకంగా చెప్పగలిగేంత రుజువు ఇప్పటిదాకా లేదు. కొన్ని చోట్ల ఏదో కొంత ఫలితం కనిపించిందంటారు, అలాగే ఇంకోచోట చేస్తే కనిపించదు. ఇంటి గీజరుకు పెట్టుకుంటే మీ ఇష్టం. నలభై ఇళ్ల డబ్బు మాత్రం దాని మీద పెట్టమని చెప్పలేను.

సనత్‌నగర్_శర్మ
సంఖ్యలు మీరు చూసుకోండి మాష్టారూ, నేను బకెట్ చూసుకుంటాను.

టీడీఎస్_తిరుమల
మా దగ్గర టీడీఎస్ మీటరు ఉంది, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. మా బోరు నీళ్లకు 900 చూపిస్తోంది. అంటే కఠిన జలమే కదా? మాకు సాఫ్ట్‌నర్ పెట్టి వెళ్లినాయన అంతా తగ్గిపోయిందన్నాడు, మీటరు ముంచితే ఇప్పటికీ 900 పైనే చూపిస్తోంది. మోసపోయామా?

రసాయనం_మాష్టారు
మోసం జరగకపోయి ఉండవచ్చు. ఈ గందరగోళం అన్ని అపార్టుమెంట్లలోనూ ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన అన్ని లవణాలూ కలిపి. మీటరు నిజానికి విద్యుత్తు ఎంత తేలిగ్గా ప్రవహిస్తోందో కొలిచి, దాన్నిబట్టి ఒక అంకె చూపిస్తుంది. కాఠిన్యం అంటే ఆ లవణాల్లో కాల్షియం, మెగ్నీషియం వాటా మాత్రమే. టీడీఎస్ 900 ఉన్న రెండు బోర్లలో ఒకదానికి కాఠిన్యం 550 ఉండవచ్చు, రెండోదానికి 150 ఉండవచ్చు. మొదటిది గీజరును తింటుంది, రెండోది నాలుకకు ఉప్పగా తగులుతుందే తప్ప గీజరుకు పెద్దగా గార పట్టించదు.

సాఫ్ట్‌నర్ లోపల సగ్గుబియ్యంలా చిన్న చిన్న రెజిన్ పూసలుంటాయి. వాటికి సోడియం అతుక్కుని ఉంటుంది. నీళ్లు పూసల మధ్య నుంచి వెళ్లేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం పూసలకు అంటుకుని, వాటి బదులు సోడియం నీళ్లలోకి వస్తుంది. ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది, మొత్తం లవణాలు తగ్గలేదు. కాబట్టి టీడీఎస్ మీటరు అదే అంకె చూపిస్తుంది, ఒక్కోసారి కాస్త ఎక్కువ కూడా చూపిస్తుంది. సాఫ్ట్‌నర్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే కాఠిన్యం కొలిచే చుక్కల కిట్ కావాలి. అక్వేరియం చేపలు అమ్మే దుకాణాల్లో కూడా దొరుకుతుంది. చుక్కలు వేస్తూ పోతే రంగు మారుతుంది, ఎన్ని చుక్కలకు మారిందో లెక్కపెట్టడమే.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు ఆ హద్దులు 500, 2000. ఇవి తాగే నీటికి పెట్టిన హద్దులు. గీజర్లకు హద్దు పెట్టాలంటే ఇంకా కిందికి రావాలి.

టీడీఎస్_తిరుమల
హమ్మయ్య. ఆయనను ఫోనులో తిట్టేశాను కూడా.

గోదారి_గట్టు
ఇప్పుడు ఫోను చేసి టీడీఎస్ అంటే ఏమిటో ఆయనకు వివరించండి, తిట్ల కంటే ఎక్కువ బాధపడతాడు.

నల్గొండ_నర్సన్న
కాఠిన్యం తక్కువ ఉంటే మంచి నీళ్లని మాత్రం అనుకోకండి. మా జిల్లా ఫ్లోరైడ్ బోర్లలో చాలాచోట్ల కాల్షియం తక్కువే. కాల్షియం తక్కువ ఉన్నచోటే ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుంది. సబ్బు బాగానే నురుగుతుంది, ఎముకలు మాత్రం వంగిపోతాయి. ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. సాఫ్ట్‌నర్ దాన్ని తీయదు. నీళ్లు పరీక్షకు ఇచ్చేటప్పుడు కాఠిన్యంతో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా రాయించండి.

మియాపూర్_ఐదో_అంతస్తు
మాష్టారూ, నర్సన్నగారూ, రెండు బోర్ల నీళ్లూ, మంజీరా నీళ్లూ విడివిడి సీసాల్లో పట్టి ల్యాబుకు పంపించాను. ఫలితం రాగానే పెడతాను.

లండన్_చలిలో
ఇక్కడికి వస్తే నీళ్ల బాధ ఉండదనుకున్నాం. లండన్ నీళ్లు కూడా కఠినమే, కింద అంతా సుద్దరాయి పొరలట. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చులు, టీ మీద తెట్టు. అంట్లు తోమే మెషీనులో మాత్రం ఉప్పు వేసే గది ఒకటి ఉంటుంది, మాష్టారు చెప్పిన రెజినే అందులో చిన్న డబ్బాలో ఉంటుంది. ఉప్పు వేయడం మరిచిపోతే గాజు గ్లాసులు మసకబారి మర్నాడే తెలిసిపోతుంది.

పప్పుచారు_పార్వతి
ఇక్కడ అమ్మే డిష్‌వాషర్లలో కూడా ఆ గది ఉంటుంది. ఆ ఉప్పు ప్యాకెట్ ఖరీదు చూసి మామూలు ఉప్పు వేయవచ్చా అని అడగాలనుకుంటున్నాను.

మెకానిక్_బాబ్జీ
@పప్పుచారు_పార్వతి వంట ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా అందులో కలిపే పొడి రెజిన్ మధ్య ఇరుక్కుపోతుంది. ఏమీ కలపని, అయోడిన్ లేని, పెద్ద పలుకుల శుద్ధమైన ఉప్పు ఉండాలి. కల్లుప్పులో మట్టి ఉంటుంది, అది కూడా వద్దు.

మాజీ_సెక్రటరీ
అసలు ప్రశ్నకు వస్తాను. మేం కొండాపూర్‌లో అరవై ఇళ్ల భవనానికి సాఫ్ట్‌నర్ పెట్టించాం. నేను అప్పుడు సెక్రటరీని. మొదటి ఆరు నెలలు అందరూ నన్ను మెచ్చుకున్నారు. కుళాయిలు మెరిశాయి, సబ్బు ఖర్చు తగ్గిందన్నారు. తర్వాత ఏం జరిగిందో వినండి.

సాఫ్ట్‌నర్ ఒకసారి బిగించి మరిచిపోయే వస్తువు కాదు. పూసలు కాల్షియంతో నిండిపోగానే ఉప్పునీళ్లతో కడగాలి, అప్పుడే మళ్లీ పనిచేస్తాయి. మాది చేత్తో తిప్పే వాల్వు. వాచ్‌మన్ రోజూ ఒక వేళకు మీట తిప్పి, ఉప్పునీళ్లు పంపి, కడిగి, మళ్లీ మీట తిప్పాలి. వాచ్‌మన్ ఊరెళితే ఆ పని ఎవరూ చేయరు. ఉప్పు బస్తాలు అయిపోతే తెప్పించేవారుండరు. నీళ్లు ఎప్పటిలాగే కఠినంగా వస్తూనే ఉంటాయి, ఎవరికీ తెలియదు. ఒకసారి కడగడం సగంలో ఆపి మీట తిప్పేశాడు, ఉప్పునీళ్లు పై ట్యాంకులోకి వెళ్లాయి. ఆ రోజు నాకు వచ్చిన ఫోన్లు పెళ్లి రోజున కూడా రాలేదు.

ఇప్పుడు ఆ యంత్రం మా సెల్లారులో స్కూటర్ల మధ్య నిలబడి ఉంది. దాని మీద ఎవరో తువ్వాలు ఆరేస్తారు.

మియాపూర్_ఐదో_అంతస్తు
మాకు చెప్పింది ఆటోమేటిక్ వాల్వు అండీ. దానంతట అదే కడుక్కుంటుందట.

మాజీ_సెక్రటరీ
దానంతట అది కడుక్కుంటుంది. ఉప్పు దానంతట అది కొనుక్కోదు.

లెక్కల_మూర్తి
ఉప్పు ఎంత పడుతుందో ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తాను. నలభై ఇళ్లు, ఇంటికి రోజుకు 500 లీటర్లు అనుకుందాం, మొత్తం 20,000 లీటర్లు. కాఠిన్యం 500 అనుకుంటే రోజుకు పది కిలోల సున్నం లెక్క తీయాలి. కిలో తీయడానికి సూత్రం ప్రకారమే 1.17 కిలోల ఉప్పు కావాలి, ఆచరణలో దానికి రెట్టింపు పోస్తే గాని పూసలు సరిగా తేరుకోవు. అంటే రోజుకు ఇరవై మూడు కిలోలకు పైగా ఉప్పు. నెలకు ఏడు వందల కిలోలు. యాభై కిలోల బస్తాలు పద్నాలుగు. నెలనెలా ఈ బస్తాలు ఎవరు మోస్తారు, డబ్బు ఎవరు కడతారు, మీటింగులో ముందు ఇది అడగండి. పన్నెండు వేలు ఒక్కసారి ఇచ్చేది, బస్తాలు ఎప్పటికీ.

మొక్కల_మాధవి
ఆ ఏడు వందల కిలోల ఉప్పు చివరకు ఎక్కడికి పోతుంది? డ్రైనేజీలోకో, కాలవలోకో. చాలా భవనాల్లో కడిగిన నీళ్ల పైపును ఇంకుడు గుంత పక్కనే వదిలేస్తారు. అంటే మీ ఉప్పు మళ్లీ మీ బోరులోకే. మా కింద తోటలో సాఫ్ట్‌నర్ నీళ్లు పోసిన మందారాలు ఆకులు మాడి చచ్చాయి. మొక్కలకు సోడియం పడదు, కాల్షియం ఉన్న బోరు నీళ్లే మేలు. తోట కుళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయండి.

డాక్టరుగారి_అబ్బాయి
తాగడానికి కూడా పడదు. లెక్క ఏమిటంటే వంద మిల్లీగ్రాముల కాఠిన్యం తీసినప్పుడల్లా లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 500 తీస్తే 230. రెండు లీటర్లు తాగితే 460 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే సాఫ్ట్‌నర్ నీళ్లు నేరుగా తాగించకండి. ఆర్‌ఓ ఫిల్టరు నుంచి వస్తే ఇబ్బంది లేదు, అది సోడియంను కూడా ఆపుతుంది.

టీడీఎస్_తిరుమల
ఆర్‌ఓ అంటే గుర్తొచ్చింది. దాని నుంచి బయటకు పోయే నీళ్లు విషమంటారు, వాడుకోకూడదా?

లెక్కల_మూర్తి
విషం కాదు. నాలుగు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు మంచినీళ్లు, మూడు లీటర్లు బయటకు వస్తాయనుకోండి. నాలుగు లీటర్ల లవణాలు మూడు లీటర్లలో ఉంటాయి, అంటే మూడో వంతు ఎక్కువ. మీ 900 కాస్తా 1,200 దగ్గరకు వస్తుంది. గచ్చు తుడవడానికి, టాయిలెట్‌కు నిక్షేపంగా వాడుకోవచ్చు. నల్ల గ్రానైటు మీద తెల్ల మరకలు పడతాయి, కారు కడిగితే అద్దాల మీద చుక్కలు మిగులుతాయి.

రసాయనం_మాష్టారు
మూర్తిగారి మాటకు చిన్న చేర్పు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే కుళాయికి ఆర్‌ఓ చాలాసార్లు అనవసరం. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది. కుళాయి నీళ్లు వడపోసి మరిగిస్తే సరిపోయే ఇళ్లలో కూడా బకెట్ల కొద్దీ నీళ్లు పారబోస్తున్నారు.

అద్దె_ఇంటి_రాణి
అందరూ సాఫ్ట్‌నర్ వద్దనే అంటున్నారు. మరి బట్టల సంగతి? తెల్ల చొక్కాలు బూడిద రంగులోకి వస్తున్నాయి, తువ్వాళ్లు అట్టముక్కల్లా గట్టిపడిపోతున్నాయి. పొడి ఇంకో స్పూను ఎక్కువ వేస్తున్నాను, అయినా అంతే.

మెకానిక్_బాబ్జీ
@అద్దె_ఇంటి_రాణి ముందు నిన్నటి ప్రశ్న. ఓనరు సంగతి నాకు తెలియదు, మెషీను సంగతి చెబుతాను.

పొడి ఎక్కువ వేస్తే సగమే ఉపయోగం. మిగిలింది తెట్టుగా మారి డ్రమ్ము వెనక పేరుకుంటుంది. ముందు తలుపున్న మెషీన్లలో డ్రమ్మును పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం బ్రాకెట్ ఉంటుంది. ఆ తెట్టు క్షారం కింద అది తినిపోయి ఒక రోజు విరిగి, మెషీను రైలులా ఊగడం మొదలవుతుంది. పొడి మామూలుగా వేసి, దానితో పాటు ఒక చెంచా బట్టల సోడా వేయండి, అది కాల్షియంను పట్టేస్తుంది. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం వద్దు.

మెషీను కడగడానికి నిమ్మ ఉప్పు చాలు. ఖాళీ డ్రమ్ములో వంద నుంచి నూట యాభై గ్రాములు వేసి 40 నుంచి 60 డిగ్రీల వేడిలో ఒక విడత తిప్పండి. 90 మీద పెట్టవద్దు, మరీ వేడిలో అది కాల్షియంతో కలిసి ఇంకోరకం పొరగా పేరుకుంటుంది. తర్వాత ఉత్త నీళ్లతో ఒక విడత. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో మిగిలింది గుడ్డతో తుడవండి.

బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం మెషీనులో పోయవద్దు. స్టీలు డ్రమ్ము, సీళ్లు పాడవుతాయి. కుళాయిల మీద పోసినా మెరుపు పూత పోతుంది. బ్లీచింగ్ ద్రావణంతో యాసిడ్ అసలే కలపవద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూములో అది ప్రాణాల మీదకు తెస్తుంది.

సందేహాల_సుబ్బు
సోలార్ గీజరు పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుందా?

మెకానిక్_బాబ్జీ
తప్పదు, ఇంకా పెరుగుతుంది. పలకల రకం సోలార్‌లో సన్నటి రాగి గొట్టాలుంటాయి, అవి పూడిపోతే విప్పి బాగుచేయడం పెద్ద పని. గాజు గొట్టాల రకం కాస్త నయం. బోరు నీళ్లు తప్పవనుకుంటే వేడిని మాత్రమే అందించి, నీళ్లను విడిగా ఉంచే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రకం అడగండి, ధర ఎక్కువ.

వాన_చినుకు
ఇంత మాట్లాడారు, వాన నీళ్ల ఊసెత్తలేదు. ఆకాశం నుంచి పడేది మృదు జలమే. మేడ మీద పట్టుకుంటే సాఫ్ట్‌నర్ ఎందుకు?

లెక్కల_మూర్తి
@వాన_చినుకు హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. నలభై ఇళ్ల మేడకు ఆరు వేల చదరపు అడుగుల పైకప్పు అనుకుంటే, ఒక్క చుక్క పోకుండా పట్టినా నాలుగున్నర లక్షల లీటర్లు. రోజుకు ఇరవై వేలు ఖర్చు చేసే భవనానికి అది ఇరవై రెండు రోజులకు వస్తుంది. అది కూడా దాచడానికి చోటుంటే.

వాన_చినుకు
దాచమనలేదు, ఇంకించమన్నాను. బోరు పక్కనే ఇంకుడు గుంత ఉంటే వానాకాలంలో బోరు నీళ్లు పలచబడతాయి. మా కాలనీలో పప్పు ఉడకడంలోనే తేడా తెలుస్తుంది.

పప్పుచారు_పార్వతి
చూశారా, చివరకు పప్పు దగ్గరికే వచ్చారు.

మియాపూర్_ఐదో_అంతస్తు
ల్యాబు కాగితం వచ్చింది. మొదటి బోరు: టీడీఎస్ 980, కాఠిన్యం 620. రెండో బోరు: టీడీఎస్ 860, కాఠిన్యం 380. మంజీరా: టీడీఎస్ 230, కాఠిన్యం 130. ఫ్లోరైడ్ మూడింటిలోనూ 1 లోపే ఉంది. నైట్రేట్ మొదటి బోరులో హద్దు దాటింది. మాష్టారూ, దీని అర్థం ఏమిటి?

రసాయనం_మాష్టారు
మీ ఇంట్లో గీజరును తింటున్నది ఎక్కువగా మొదటి బోరు అని అర్థం. రెండు బోర్లూ ఒకే సంపులో పడుతున్నాయా? మొదటి దాని మోటారు ఎంతసేపు నడుస్తోంది?

మియాపూర్_ఐదో_అంతస్తు
ఒకే సంపు. మొదటిది ఎక్కువ నీళ్లు పోస్తుంది కాబట్టి దాన్నే ఎక్కువ వేస్తారు.

లెక్కల_మూర్తి
రెండో బోరు, మంజీరా నీళ్లు సగం సగం కలిపితే 255. మొదటి బోరు ఒక్కటే ఎక్కించడంతో పోలిస్తే సగానికంటే తక్కువ. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లను వంటింటి కుళాయికే కాకుండా పెద్ద సంపులోకి మళ్లించగలిగితే, మొదటి బోరును వేసవి కరువుకు మాత్రమే వాడితే, సాఫ్ట్‌నర్ ప్రసక్తి లేకుండానే సమస్య చాలా మటుకు పోతుంది. మంజీరా నీళ్లు ఎంత వస్తున్నాయో మీటరు చూసి చెప్పండి. 2021 జనవరిలో మొదలైన, ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మీ భవనానికి వర్తిస్తోందో లేదో కూడా అసోసియేషన్‌ను అడగండి.

రసాయనం_మాష్టారు
ఒక జాగ్రత్త. మంజీరా నీళ్లు బోరు నీళ్లతో కలిసిన సంపు నుంచి తాగడానికి వాడకండి, మొదటి బోరులో నైట్రేట్ ఉంది. తాగే కుళాయి విడిగానే ఉండాలి. మిగిలిన నీళ్లు మళ్లించండి.

మాజీ_సెక్రటరీ
లెక్క బాగుంది. కాని ప్రతి భవనంలో మొదటి అంతస్తు వాళ్లకు మంజీరా నీళ్లంటే గంగాజలం. వాటిని స్నానాలకు పోయిస్తామంటే మీటింగు రాత్రి పదకొండింటిదాకా సాగుతుంది.

గోదారి_గట్టు
మంజీరా గోదావరి ఉపనదే. గోదావరి నీళ్లతో స్నానం చేయడానికి మేం ఓట్లు అడగం.

సనత్‌నగర్_శర్మ
మీ పద్ధతిలో ఎన్ని పనులు, ఎంతమంది ఒప్పుకోవాలి! నా అయస్కాంతానికి ఎవరి ఓటూ అక్కర్లేదు.

మియాపూర్_ఐదో_అంతస్తు
మీటింగు అయింది. ల్యాబు కాగితం చదివి వినిపించాను. మొదటి బోరు నైట్రేట్ సంగతి విని పిల్లలున్నవాళ్లు కంగారు పడ్డారు, సాఫ్ట్‌నర్ మాట ఎవరూ ఎత్తలేదు. సంపులు కలపడానికి పైపుల మేస్త్రిని అడిగి ఖర్చు తెలుసుకుందామన్నారు. మొదటి బోరు మోటారును వేసవి దాకా ఆపుదామన్నదానికి పద్నాలుగు మంది చేతులెత్తారు, పదకొండు మంది కాదన్నారు, మిగతావాళ్లు రాలేదు. ప్రస్తుతానికి మోటారు రెండు గంటలకు తగ్గింది. అయస్కాంతం వాళ్ల కాగితాలు నోటీసు బోర్డు నుంచి తీసేశారు.

నా గీజరు మాత్రం బాబ్జీగారు చెప్పినట్టు 55కు తగ్గించాను. కొత్త ఎలిమెంటు, కొత్త కడ్డీ. వాషింగ్ మెషీను ఇంకా నెమ్మదిగానే నిండుతోంది, నిమ్మ ఉప్పు వేసినా మారలేదు.

మెకానిక్_బాబ్జీ
అది డ్రమ్ములోపల సమస్య కాదు కాబట్టి నిమ్మ ఉప్పుతో పోదు. ముందు ప్లగ్గు తీసేయండి. కుళాయి మూసి, మెషీను వెనక పైపు ఊడదీయండి. పైపు బిగించే చోట, వాల్వు మూతిలో చిన్న ప్లాస్టిక్ జల్లెడ కనిపిస్తుంది. దాని మధ్య బొడిపెను ముక్కు పట్టకారుతో పట్టి నేరుగా లాగండి, తిప్పవద్దు, విరుగుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో గంటసేపు వేసి పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. కుళాయి వైపు ఉన్న చివరలో కూడా ఇంకో జల్లెడ ఉండవచ్చు, చూడండి. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు వాషరు మరిచిపోకండి.

అద్దె_ఇంటి_రాణి
మాది పై తలుపు మెషీను, అందులో కూడా ఉంటుందా?

మెకానిక్_బాబ్జీ
ఉంటుంది. వేడి నీళ్ల పైపు కూడా పెట్టే మోడలు అయితే రెండు ఉంటాయి.